వాదీ కబీర్‌లో పానోదయం

శ్రీమత్సకల మరుభూమి సంచార ధురంధరమైన ల్యాండ్ క్రూయిజర్ మహారథానికి ముందు కుడి చక్రం. ఆ చక్రానికి హృదయస్థానం హబ్బు. ఆ హబ్బు అంతఃపురంలో, స్పిండిల్ అనే ఉక్కు స్తంభాన్ని కౌగిలించుకుని, గ్రీజు అగడ్తల నడుమ, తుప్పు కవచం తొడుక్కుని, 54 మిల్లీమీటర్ల వెడల్పున కొలువు తీరి ఉన్నాడు నట్టురాజు. ఎత్తు చూస్తే వామనుడు, పట్టు చూస్తే త్రివిక్రముడు. అతడి వెనక ఒక రేకు వాషరు, అంచు మడిచి రాజుగారి భుజం మీద చెయ్యి వేసి నిలబడిన అమాత్యుడిలా. ఆ వాషరు వెనక మళ్లీ అంతే వెడల్పున, అంతే మొండితనంతో ఇంకో నట్టు. ముందువాడు లాక్ నట్టు, వెనకవాడు అడ్జస్టింగ్ నట్టు. నకుల సహదేవుల్లాంటి కవలలు, బుద్ధి మాత్రం శకునిది. వాళ్లిద్దరి చాటున దాక్కుని ఏడుస్తోంది అసలు రోగి, బేరింగు.

ఈ కవలలను కూలదోసిన కథ చెబుతాను. కావ్యమన్నాక పద్దెనిమిది వర్ణనలు ఉండాలని దండి శాసించాడు. గ్యారేజీ కావ్యానికి అన్నీ అమరవు గానీ, అమరినంత మేర లోటు చేయను.

నగర వర్ణన. మస్కట్ రాజధాని వీపు వెనక, రూవీ వాణిజ్య వీథుల సందడి సన్నగిల్లే చోట, నల్లని గోధుమరంగు కొండలు గుండ్రంగా కూర్చుని పంచాయితీ చేస్తున్నట్టుండే లోయ వాదీ కబీర్. ఆ కొండలు సామాన్యమైనవి కావు. సుమారు 9.5 కోట్ల ఏళ్ల కిందట సముద్రం అడుగున పుట్టిన రాయి, భూమి పలకల తోపులాటలో ఒడ్డెక్కి కూర్చుంది. ఓఫియోలైట్ అంటారు దాన్ని, ప్రపంచం నలుమూలల నుంచీ భూగర్భ శాస్త్రజ్ఞులు సుత్తులు పట్టుకుని చూడటానికి వస్తారు. మన మైనాకుడు హనుమంతుడికి ఆతిథ్యం ఇవ్వడానికి కాసేపు నీళ్లలోంచి తల ఎత్తాడంటేనే అంత గొప్పగా చెప్పుకుంటామే, ఇక్కడ మైనాకుడి బంధుబలగమంతా పైకి వచ్చేసి, తిరిగి వెళ్లడం మరిచి, గ్యారేజీలకు ప్రహరీ గోడగా స్థిరపడింది. ఆ కొండల కాళ్ల దగ్గర రేకుల షెడ్లు, టైర్ల గోపురాలు, సెకండ్ హ్యాండ్ స్పేర్ పార్టుల దుకాణాలు. ఊడదీసిన గేరుబాక్సులు వరసగా, యుద్ధం ముగిశాక మిగిలిన శిరస్త్రాణాల్లా. ఒకప్పుడు శుక్రవారం పూట ఇక్కడ పాత కార్ల సంత జరిగేది. కొనేవాడు బానెట్ కింద తల దూర్చి, అమ్మేవాడు అల్లా మీద ఒట్టు వేసి, ఇద్దరూ తలా కొంచెం నష్టపోయామన్న నటనతో ఇళ్లకు వెళ్లేవారు.

ఋతు వర్ణన. గ్రీష్మం. ఇంతకంటే చెప్పక్కర్లేదు గానీ చెప్పకుండా ఉండలేను. మస్కట్‌కు ఆగ్నేయంగా సముద్రం ఒడ్డున ఉన్న కురియాత్ అనే ఊళ్లో 2018 జూన్ 26న రాత్రీ పగలూ కలిపి ఇరవైనాలుగు గంటల్లో వేడి 42.6 డిగ్రీల కిందికి దిగనే లేదు. అది గరిష్ఠం కాదు నాయనా, కనిష్ఠం! చంద్రోదయ వర్ణన చేద్దామని కలం పట్టిన కవి చెయ్యి కాలే దేశం ఇది. జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడున్నర వరకూ ఆరుబయట పని చేయించరాదని ప్రభుత్వ శాసనం. షెడ్డు ఆరుబయట కిందికి రాదు. రేకు కప్పు ఎండను అడ్డుకోవడం మానేసి ఎండకు ఏజెంటుగా పని చేస్తూ ఉంటుంది.

అటువంటి వేళ, శుక్రవారం నాడు, షట్టరు సగం దించి ఉన్న ఒక గ్యారేజీ ముందుకు ధూళి ధూసరిత దివ్య దేహంతో విచ్చేసింది తెల్లని ల్యాండ్ క్రూయిజర్ పికప్. బిదియా నుంచి, అంటే రెండువందల పైచిలుకు కిలోమీటర్ల అవతల, వహీబా ఇసుక సముద్రం అంచు నుంచి. దిగినవాడు ఒమానీ పెద్దమనిషి; మల్లెపూవు వంటి దిష్‌దాషా అంగీ, సూదిపనితనం అంతా నెత్తిన మోస్తున్న కుమ్మా టోపీ. నూట యాభై ఒంటెలకు అధిపతి లాంటి నడక. గ్యారేజీ పెద్ద మేస్త్రి జగిత్యాల జిల్లా మనిషి. గల్ఫ్‌లో జుట్టు నెరిపించుకున్నవాడు. సెలవు రోజైనా, పాత పరిచయం కాబట్టి లేచి ఎదురు వెళ్లాడు.

"షూ ముష్కిల్, అర్బాబ్?" ఏమిటి ఇబ్బంది, దొరా అని.

పెద్దమనిషి మాట్లాడలేదు. రెండు చేతులూ స్టీరింగు పట్టుకున్నట్టు పెట్టి, వణికించి, నోటితో "గ్ఊఊఊఊం" అని ఒక నాదం వెలువరించాడు. ఆ నాదంలో రోగం, రోగ చరిత్ర, దాటిన వాదీ (వాగు) నీటి లోతు, తనకు ఈ రాత్రికే తిరిగి వెళ్లాల్సి ఉందన్న సంగతీ ఉన్నాయి. మేస్త్రి తల ఊపాడు. ప్రపంచంలో ఏ వైద్యుడికీ ఇంత సంపూర్ణమైన రోగ వివరణ దొరికి ఉండదు.

"కమ్ సాఅ?"

"తలాత్ సాఅ, అర్బాబ్." మూడు గంటలు. భీష్మ ప్రతిజ్ఞ తర్వాత ఇంత తొందరపడి చేసిన ప్రతిజ్ఞ ఇంకొకటి లేదు.

ఈ రథం వంశావళి రెండు ముక్కల్లో. 70 సిరీస్ అనే ఈ వంశం 1984లో పుట్టింది. ముందు ఇరుసుకు కాయిల్ స్ప్రింగులు వచ్చింది 1999లో. ఆ తర్వాత లోకమంతా మెత్తబడినా ఈ వంశం మాత్రం ముందు వైపు కూడా ఒకే గట్టి ఇరుసును వదలలేదు. ఒమాన్‌కు ఆ మొండితనం నచ్చింది. 1970 దాకా ఈ దేశం మొత్తంలో తారు రోడ్డు పది కిలోమీటర్లు అటూ ఇటూగా ఉండేదని చెబుతారు. మిగతాదంతా ఒంటె, గాడిద, కాలిబాట. ఇప్పుడు అద్దంలాంటి హైవేలు వచ్చినా, జెబెల్ అఖ్దర్ ఎక్కాలంటే కొండ కింద పోలీసులు ఆపి ఫోర్ వీల్ బండి కాకపోతే వెనక్కి పంపుతారు. ఆ ఫోర్ వీల్ అన్న మాటకు ప్రాణం పోసేది ముందు ఇరుసు చివర ఉన్న బర్ఫీల్డ్ జాయింటు. 1920ల్లో ఆల్ఫ్రెడ్ జెప్పా అనే ఫోర్డ్ కంపెనీ ఇంజినీరు కనిపెట్టిన సూత్రం అది: ఒక గిన్నె, ఒక పంజరం, ఆరు ఉక్కు గోళీలు. చక్రం ఎటు తిరిగినా శక్తి ఆగకుండా, వేగం తగ్గకుండా ప్రవహిస్తుంది. దాన్ని చేరాలంటే ఇరుసు చివరి కీలు, నకిల్ విప్పాలి. నకిల్ విప్పాలంటే స్పిండిల్ తీయాలి. స్పిండిల్ తీయాలంటే హబ్బు రావాలి. హబ్బు రావాలంటే మన కవలలు దిగాలి.

బండిని జాకీ మీద లేపారు. పెద్ద మేస్త్రి టైరు నెత్తిన ఒక చెయ్యి, పాదాన ఒక చెయ్యి వేసి ఊపాడు. "టక్." మళ్లీ ఊపాడు. "టక్, టక్." బేరింగు అరిగి, లోపల రోలర్లు ఒకదాన్నొకటి తిట్టుకుంటున్న చప్పుడు.

చక్రం విప్పారు. ఫ్లాంజి నట్లు విప్పారు. ఇక్కడ మొదటి గండం: స్టడ్ల చుట్టూ కోన్ వాషర్లు బిగుసుకుని కూర్చుంటాయి, బయటి నుంచి పట్టుకోవడానికి వాటికి చెవీ ముక్కూ ఉండవు. మేస్త్రి ఇత్తడి కడ్డీ తీసి ఫ్లాంజి మీద దేవాలయంలో జేగంట కొట్టినట్టు కొట్టాడు. ఇత్తడి మెత్తన, ఉక్కుకు గాయం కాదు. కంపనం మాత్రం కోన్ లోపలికి పోతుంది. ఒక్కొక్క వాషరూ "టింగ్" మని ఎగిరి బయటపడింది, పుట్టలోంచి ఉసిళ్లు లేచినట్టు. సర్‌క్లిప్ వచ్చేసింది. ఫ్లాంజి వచ్చేసింది. లోపల, ఇందాక వర్ణించిన దుర్గం.

దుర్గాన్ని చూసి పెద్ద మేస్త్రి పెదవి విరిచాడు. ముందెవరో ఉలి పెట్టి కొట్టారు. నట్టు ముఖాల మీద గాట్లు, మూలలు నలిగి, అమాత్యుడి అంచు చినిగి ఉంది. దీన్ని మించిన అధర్మ యుద్ధం యంత్రశాస్త్రంలో లేదు. అభిమన్యుణ్ణి చుట్టుముట్టిన వాళ్లకైనా ఒక వ్యూహం ఉంది. ఉలి పట్టినవాడికి అదీ లేదు. కొట్టిన ప్రతి దెబ్బకూ ఉక్కు పొడి రాలి గ్రీజులో కలిసి, బేరింగులో దూరి, రోలర్లను లోపలి నుంచి కొరుకుతుంది. బయటికి "పని అయిపోయింది" అనిపిస్తుంది. కొన్ని వేల కిలోమీటర్ల తర్వాత ఎడారి మధ్యలో "గ్ఊఊఊఊం" అంటుంది.

మరి ధర్మ మార్గం ఏమిటి? కంపెనీవారి సర్వీసు మాన్యువల్ అనే మహాగ్రంథం ప్రతి అధ్యాయంలోనూ అడుగడుగునా "ఎస్.ఎస్.టి." అంటుంది, అంటే ఈ ఒక్క పనికే పుట్టించిన ప్రత్యేక ఆయుధం. సున్నా తొమ్మిదితో మొదలయ్యే పొడవాటి నంబరు ఒకటి దానికి, దేవతాస్త్రాలకు బీజాక్షరాల్లా. మామూలు సాకెట్ ఇక్కడ పనికిరాదు. నట్టు పల్చన, స్పిండిల్ ముందుకు పొడుచుకుని ఉంటుంది, చుట్టూ హబ్బు గోడ. కాబట్టి లోతైన, పల్చని గోడలున్న, లోపల బోలుగా ఉన్న 54 నంబరు పానా కావాలి. దుకాణాల్లో దొరకని వస్తువేమీ కాదు. కానీ అది శుక్రవారం, జుమా నమాజు వేళ. రూవీ వీథుల్లో షట్టర్లన్నీ రెప్పలు మూసుకుని ఉన్నాయి. గ్యారేజీలో ఉండాల్సిన అసలు పానా మూడో షెడ్డువాళ్లు "పది నిమిషాల్లో ఇస్తా" అని పట్టుకెళ్లి ఎన్నో పది నిమిషాలు గడిచిపోయాయి.

మంత్రాలోచన సభ. సభ్యులు ఇద్దరే: పెద్ద మేస్త్రి, అమలాపురం వైపు నుంచి వచ్చిన కుర్రాడు. ఉద్యానవన వర్ణనకు గ్యారేజీ వెనక ఒక వేపచెట్టు ఉంది, దాని కిందే సభ.

"తమ్మీ, ఛీజిల్ తోని కొట్టుడు మాత్రం లేదు. వెనక స్క్రాపుల పైపు ముక్క ఉంటది, సూడు."

"ఎంత లావుదండీ అన్నయ్యా?"

"పాత నట్టు ఒకటి జేబుల పెట్టుకపో. నట్టు పైపుల దూరాలె, కానీ ఊరికే దూరద్దు. మూలలు తాకీ తాకనట్టు ఉండాలె. గోడ మరీ మందం ఉండద్దు."

కుర్రాడు రాయబారిగా బయల్దేరాడు. గ్యారేజీ వెనక తుక్కు కుప్ప, దండకారణ్యం. వంగిన లీఫ్ స్ప్రింగులు, తెగిన ప్రొపెల్లర్ షాఫ్టులు, సైలెన్సర్ల కంకాళాలు. ఎండలో ఇనుము ముట్టుకుంటే బ్రహ్మాస్త్రాన్ని ముట్టుకున్నట్టే. కుర్రాడు గోనెపట్టా చేతికి చుట్టుకుని, ఒక్కొక్క పైపు ముక్కలో నట్టును దూర్చి చూశాడు. ఒకదాంట్లో గలగలమని జారింది: వదులు. ఒకదాంట్లో నోటి దగ్గరే ఆగింది: బిగువు. మరొకటి తుప్పుతో పొరలు పొరలుగా రాలింది. చివరికి, ఏ నీళ్ల ట్యాంకరుదో, అవతల పారేసిన పాత పైపు, మూరెడు పొడవుది, నట్టు మూలలు లోపలి గోడను గోకుతూ, గోకుతూ, అలాగే వెళ్లింది. సీతా స్వయంవరంలో ధనుస్సు దొరికినంత ఆనందంతో కుర్రాడు దాన్ని భుజాన వేసుకుని, భుజం కాలి, గబుక్కున కింద పడేసి, మళ్లీ ఎత్తుకున్నాడు.

కుమారోదయ వర్ణన. ఇది కావ్యంలో ముఖ్య ఘట్టం, కాబట్టి పాఠకులు ఓపిక పట్టాలి.

పాత నట్టును వైసు దవడల మధ్య బిగించారు. పైపు ఒక కొసను దాని మీద తొడిగారు. గ్యాస్ కటింగ్ సెట్టు వెలిగింది. మొదట పసుపు పచ్చని మంట, తర్వాత ఆక్సిజన్ తిప్పగానే నీలి నాలుక, సన్నగా, కోపంగా, శివుడి మూడోకన్ను రెప్ప ఎత్తినట్టు "శ్‌శ్‌శ్" అంటూ. ఆ నాలుక పైపు కొసను నాకింది. నలుపు ఎరుపైంది, ఎరుపు కాషాయమైంది, కాషాయం ప్రాతఃకాల భానుబింబ ప్రభా భాసురమైంది. (సూర్యోదయ వర్ణన కూడా ఇక్కడే అయిపోయింది. ఈ దేశంలో సూర్యుణ్ణి వేరే వర్ణించి రెచ్చగొట్టడం మంచిది కాదు.) అప్పుడు పెద్ద మేస్త్రి సుత్తి ఎత్తాడు.

ఒక దెబ్బ. నట్టు ఒక ముఖం మీదికి పైపు గోడ చదునుగా వాలింది. తిప్పాడు. ఇంకో దెబ్బ, ఇంకో ముఖం. మళ్లీ నీలి నాలుక, మళ్లీ ఎరుపు, మళ్లీ సుత్తి. ఢాం! ఢాం! ఢాం! రేకు కప్పు ప్రతిధ్వనించింది, కొండలు ప్రతిధ్వనించాయి, పక్క షెడ్డులో పడుకున్న పెయింటరు లేచి కూర్చున్నాడు. దెబ్బ పడ్డ ప్రతిసారీ గుండ్రటి ఇనుము తన గుండ్రతనాన్ని కొంచెం కొంచెంగా మరిచి, నట్టు రూపాన్ని నేర్చుకుంది. ద్రోణుడి విగ్రహం ముందు ఏకలవ్యుడు విలువిద్య నేర్చుకున్నట్టు, గురువు నోరు విప్పకుండానే శిష్యుడు అంతా నేర్చాడు. బొటనవేలు మాత్రం ఎవరూ అడగలేదు, కుర్రాడి బొటనవేలికి సుత్తి దెబ్బ ఒకటి తగిలింది గానీ.

చల్లార్చారు. వెనక నుంచి రాడ్డు పెట్టి గుద్దగానే పాత నట్టు "ఠంగ్" మని బయటికి దూకింది. పైపు నోటిలో నట్టు ముఖాలన్నీ అచ్చు గుద్దినట్టు ఉన్నాయి. ఇక గ్రైండరు. హబ్బు గోడకు తగలకుండా పైపొర చెక్కాలి. చక్రం తిరిగింది, నిప్పురవ్వల జలపాతం, నరకాసుర వధ నాటి రాత్రిలా, నేల మీద పడి గంతులేసింది. రెండో కొసన ఎదురెదురుగా రెండు చిల్లులు, వాటిలోంచి అడ్డంగా లావుపాటి ఇనుప రాడ్డు, రాడ్డు రెండు పక్కలా వెల్డింగు. కుర్రాడు నల్ల అద్దం మొహానికి అడ్డుపెట్టుకుని, వెలుగు చూడకుండా వెలుగు పుట్టించాడు.

పుట్టింది పానా. రంగు నీలం, నలుపు, అక్కడక్కడ నెమలికంఠం. వెల్డింగు కుట్లు కాస్త వంకర. అందంలో కంపెనీవారి ఎస్.ఎస్.టి.కి కాలిగోటికి సరితూగదు. కానీ కంపెనీవారిది తన కోసం ఒక నట్టు ఎక్కడో ఉంటుందని పుట్టింది. ఇది తన నట్టును పుట్టినప్పుడే చూసింది.

మధుపాన వర్ణన ఇక్కడ. మలయాళీ టీ కొట్టు నుంచి కరక్ చాయ్ వచ్చింది, చిన్న కాగితపు కప్పుల్లో, యాలకుల వాసనతో. ఒమానీ పెద్దమనిషి వేపచెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, పానాను చేతిలోకి తీసుకుని, బరువు చూసి, కన్ను పెట్టి లోపలికి చూసి, "కువైస్" అన్నాడు, బాగుందని. అంతటితో ఆగక ఫోన్‌లో ఫోటో తీసుకున్నాడు.

ఇక ఆజి, యుద్ధం.

ముందు అమాత్యుడి పని. మేస్త్రి స్క్రూడ్రైవరు కొసతో, మర్యాదగా, చినిగిన వాషరు అంచును నట్టు భుజం మీది నుంచి ఎత్తి చదును చేశాడు. తర్వాత పానాను రెండు చేతులతో ఎత్తి, స్పిండిల్ మీదుగా జరిపాడు. అది జరిగింది. హబ్బు గోడ దగ్గర ఒక్క క్షణం ఆగింది. కుర్రాడు ఊపిరి ఆపాడు. మేస్త్రి మణికట్టు చిటికెడు తిప్పాడు. "క్లిక్" మని నట్టు ముఖాల మీద కూర్చుంది. ఏళ్ల తర్వాత ఊరికి వచ్చిన కొడుకును తల్లి పట్టుకున్న పట్టు అది.

"పట్టు తమ్మీ."

కుర్రాడు పట్టాడు. అడ్డరాడ్డు మీద మేస్త్రి భుజం ఆనించాడు. కదల్లేదు. పొడవాటి పైపు ఇంకొకటి తెచ్చి రాడ్డుకు తొడిగి, మీట పొడవు పెంచారు. బలం అంతే, పొడవు ఎక్కువ, కాబట్టి తిప్పే శక్తి ఎక్కువ. ఇంత చిన్న లెక్కతోనే ఆర్కిమిడీస్ భూమిని కదుపుతానన్నాడు, మేస్త్రికి నట్టు చాలు. మెడ నరాలు ఉబ్బాయి. చెమట నుదుటి మీదుగా దిగి ముక్కు కొసన ముత్యమై వేలాడింది. పానా లోపలి నుంచి సన్నని మూలుగు. తుప్పు పలుకుతోంది. వాదీ నీటిలో మునిగిన ప్రతిసారీ నట్టురాజు తాగిన నీరంతా ఇప్పుడు ఎర్రని ధూళిగా రాలుతోంది.

"క్ఱ్ఱ్ఱాక్!"

ఆ శబ్దం విని ఒమానీ పెద్దమనిషి కుర్చీలోంచి లేచాడు. పెయింటరు పరుగెత్తుకు వచ్చాడు. కొమ్మ మీది కాకి ఎగిరిపోయింది. నట్టు కదిలింది. పావు చుట్టు, అర చుట్టు, తర్వాత వేళ్లతో తిరిగే స్థితికి వచ్చి, జయద్రథుడి తల తండ్రి ఒళ్లో పడ్డట్టు కుర్రాడి అరచేతిలో పడింది. రెండో నట్టు, అన్న పతనం చూసి, ఎదురు చెప్పలేదు.

హబ్బు బయటికి వచ్చింది. లోపల గ్రీజు ఉండాల్సిన రంగులో లేదు; నీళ్లు కలిసి పాలు విరిగిన కాఫీలా ఉంది. రోలర్ల మీద గుంటలు, రింగు మీద నీలపు కాలిన గుర్తులు. దీనితోనే ఆ పెద్దమనిషి రెండువందల కిలోమీటర్లు వచ్చాడు. ల్యాండ్ క్రూయిజర్ల మీద ఈ దేశస్థులకు ఉన్న భక్తి ఊరికే రాలేదు.

అయితే హబ్బు లోపల బిగుసుకున్న బేరింగు వెలుపలి రింగు, మేస్త్రుల భాషలో కప్పు, తుప్పుతో ఒకటైపోయి కదలనంది. కొడితే రావట్లేదు. ఇక్కడ పెద్ద మేస్త్రి చేసిన పని చూసి నాకు నిజంగా చేతులెత్తి మొక్కాలనిపించింది. ఆయన సుత్తి కింద పెట్టి, వెల్డింగు హోల్డరు అందుకుని, కప్పు లోపలి ముఖం చుట్టూ వెల్డింగు పూస ఒకటి వలయంగా గీశాడు. శత్రువు మెడలో పూలమాల! పోసిన లోహం చల్లారేటప్పుడు కుంచించుకుంటుంది. తనతో పాటు కప్పును కూడా లోపలికి లాగుతుంది. కప్పు వ్యాసం వెంట్రుకవాసి తగ్గుతుంది. ఆ వెంట్రుకవాసి చాలు. హబ్బును తిరగేసి రెండు నిమిషాలు ఆగారు. ఎవరూ ముట్టుకోకుండానే కప్పు "ఠక్" మని నేల మీద రాలింది. గజేంద్రుడు వెయ్యేళ్లు పెనుగులాడాడు, ఈయన గ్యాసు ధర కూడా ఖర్చు పెట్టలేదు.

ఊడిన పాత కప్పును పారేస్తారనుకునేరు. లేదు. దాని వెలుపలి అంచును గ్రైండరుతో కొంచెం అరగదీశారు, హబ్బులో వదులుగా ఆడేంత. కొత్త కప్పును గ్రీజు రాసి గుంట నోట్లో పెట్టి, దాని నెత్తిన ఈ పాతదాన్ని ఆనించి, పైన ఇత్తడి పెట్టి చుట్టూ సమంగా కొట్టారు. దెబ్బలన్నీ పాతది తిన్నది. కొత్తది గీత పడకుండా సింహాసనం మీద కూర్చుంది. భీష్ముడు తన తర్వాతి తరాలవారికి ఒక్కొక్కరికే పట్టం కట్టిన పద్ధతి అదే.

నకిల్, బర్ఫీల్డ్, ఇరుసు లోపలి ఆయిల్ సీలు: వీటిని వర్ణిస్తే ఇంకో కాండం అవుతుంది, అందుకే త్వరగా దాటుతున్నాను. సీలు పగిలి, డిఫరెన్షియల్ ఆయిల్ నకిల్‌లోకి కారి, గ్రీజును పలచన చేసి, అంతా చక్రం మీదికి చిమ్మింది. కొత్త సీలును పీవీసీ పైపు ముక్కతో కూర్చోబెట్టారు. గోళీల్ని కడిగి, ఆరబెట్టి, మళ్లీ గిన్నెలో అమర్చారు. ఆరూ ఉన్నాయో లేదో కుర్రాడు రెండుసార్లు లెక్కపెట్టాడు.

బిగింపు. ఇక్కడే సగం మేస్త్రులు పాసు, సగం మంది ఫెయిలు. అడ్జస్టింగ్ నట్టు ఎక్కువ బిగిస్తే బేరింగు వేడెక్కి చస్తుంది, వదులు చేస్తే చక్రం ఊగుతుంది. సరైన బిగింపు ఎంతో తెలియడానికి మాన్యువల్ ఒక స్ప్రింగు కాటా అడుగుతుంది: దాన్ని చక్రం స్టడ్డుకు తగిలించి లాగితే, హబ్బు కదలడం మొదలుపెట్టే క్షణాన ముల్లు ఎంత చూపిందో అది లెక్క. మన కాటా ఎక్కడిది? కుర్రాడి సంచిలోది. పొద్దున్నే ముత్రా చేపల మార్కెట్‌కు, 2017లో సముద్రం ఒడ్డున కట్టిన ఆ కొత్త తెల్లని భవనానికి, వంజరం కొనడానికి వెళ్లాడు. కోనసీమవాడు తూకం మోసపోవడాన్ని భరించలేడు కాబట్టి తన సొంత కాటా మోసుకెళ్తాడు. పొద్దున వంజరం వేలాడిన కొక్కానికే సాయంత్రం ల్యాండ్ క్రూయిజర్ హబ్బు తగిలింది. మేస్త్రి లాగాడు, ముల్లు చూశాడు, పానాతో నట్టును పిసరంత సడలించాడు, హబ్బును అటూ ఇటూ తిప్పి రోలర్లను సర్దుకోనిచ్చాడు, మళ్లీ లాగాడు. కాటా మీద వంజరం వాసన, మేస్త్రి మొహంలో నాడి పట్టిన ఆయుర్వేద వైద్యుడి గాంభీర్యం. ముల్లు కావాల్సిన చోట నిలిచింది. కొత్త వాషరు వేశారు, లాక్ నట్టు బిగించారు, అంచు మడిచారు. ఈసారి అమాత్యుడు నిటారుగా, గౌరవంగా నిలబడ్డాడు.

దీనికి ఒక ఉపాఖ్యానం ఉంది, అదే షెడ్డులో, పక్క బేలో. ఒక హైలక్స్‌కు క్లచ్ పని. ఫ్లైవీల్ మధ్యన, క్రాంక్ షాఫ్టు కొసన, ఒక చిన్న పైలట్ బేరింగు ఉంటుంది. వెనక గుంట మూసుకుపోయి ఉంటుంది కాబట్టి పట్టుకుని లాగడానికి వీలుండదు. దానికీ వేరే పుల్లర్, దానికీ వేరే నంబరు. ఒకాయన గ్రీజు నింపి రాడ్డుతో కొడతాడు. గ్రీజు సందుల్లోంచి చిమ్మి కొట్టినవాడి మొహాన పడుతుంది. మన కుర్రాడు మధ్యాహ్నం మిగిలిన ఖుబ్బూస్‌ను నీళ్లలో తడిపి, ముద్దచేసి, బేరింగు కన్నంలో కూరాడు. కన్నానికి సరిగ్గా సరిపోయే బోల్టు పెట్టి సుత్తితో కొట్టాడు. మరికొంత రొట్టె కూరాడు, మళ్లీ కొట్టాడు. మూసిన గదిలోని ద్రవాన్ని ఒక వైపు నొక్కితే ఒత్తిడి అన్ని వైపులా సమంగా తంతుందని పదిహేడో శతాబ్దంలో బ్లేజ్ పాస్కల్ రాసింది ఇదే. రొట్టె ముద్ద బేరింగు వెనకకు చేరి, వెన్ను మీద చెయ్యి పెట్టి, మెల్లగా, మెల్లగా, దాన్ని ముందుకు తోసింది. బేరింగు బయటికి వచ్చింది, వెనకాల ఖుబ్బూస్ తెల్లగా, పసిపిల్ల నోట్లోంచి పెరుగన్నం తొంగి చూసినట్టు. గల్ఫ్‌లో మనవాళ్ల కడుపులు నింపిన రొట్టె ఇంజిన్ కడుపు కూడా ఖాళీ చేయగలదని ఆ రోజు రుజువైంది.

అదే హైలక్స్‌కు గేరుబాక్సు తిరిగి ఎక్కించేటప్పుడు క్లచ్ ప్లేటు నడిమధ్యన ఉండాలి. దానికి కంపెనీ ప్లాస్టిక్ కడ్డీ ఒకటి ఇస్తుంది. ఇక్కడ తుక్కు గేరుబాక్సులోంచి తీసిన పాత ఇన్‌పుట్ షాఫ్టు ఆ పని చేసింది, అంతకంటే బాగా చేసింది. బోల్టుల తలలు నరికి, కొసన హాక్సాతో గాడి కోసి, వాటినే గైడు పిన్నులుగా బిగించారు. బరువైన గేరుబాక్సు ఆ తలలేని సైనికుల మీదుగా జారుకుంటూ వెళ్లి తన చోట చేరింది. తర్వాత స్క్రూడ్రైవరుతో వాటిని విప్పి, అసలు బోల్టులు వేశారు. మొండేలు మళ్లీ డబ్బాలో పడ్డాయి, ఇంకో యుద్ధం కోసం.

రథం నేల మీదికి దిగింది. మేస్త్రి బండిని వాదీ కబీర్ రౌండబౌట్ దాకా తీసుకెళ్లి తెచ్చాడు. "గ్ఊఊఊఊం" లేదు. ఒమానీ పెద్దమనిషి రియాళ్లు లెక్కపెట్టి ఇచ్చి, చిల్లర బైసలు వద్దని చేత్తో వారించి, మేస్త్రి రెండు చేతులూ పట్టుకుని ఊపాడు. మూడు గంటలు ఆరయ్యాయి. ఆ ప్రస్తావన ఎవరూ తేలేదు. బండి బిదియా వైపు మళ్లింది, వెనక దుమ్ము ఛత్రంలా లేచింది.

నాయకాభ్యుదయ వర్ణన. పానాను కిరోసిన్‌తో కడిగి, ఆయిల్ రాసి, షెడ్డు గోడకు కొత్త మేకు కొట్టి తగిలించారు. దాని కింద తెల్ల పెయింటుతో "54" అని కుర్రాడు రాశాడు, పక్కన చిన్నగా "ఇవ్వబడదు" అని తెలుగులో రాశాడు. మూడో షెడ్డువాళ్లలో తెలుగు చదివేవాళ్లు ఎవరూ లేరు కాబట్టి అది హెచ్చరిక కంటే ఎక్కువ ఆత్మతృప్తి. వార్త ఎలా పాకిందో, చీకటి పడకముందే ఒకరు వచ్చి చూసి పోయారు, ఇంకొకరు వేలితో లోపల తడిమి పోయారు. ఒకాయన ముట్టుకోకుండానే, కొలత తీసుకుందామని, తన దగ్గరున్న నట్టును జేబులోంచి బయటికి తీశాడు.

మగ్రిబ్ బాంగు వినిపించే వేళకు షట్టరు దించబోతుండగా గేటు దగ్గర హారను. నిస్సాన్ పెట్రోల్. ముందు ఎడమ చక్రం వాలి ఉంది, లోపల్నుంచి అదే మూలుగు, కాకపోతే ఇంకో శ్రుతిలో. మేస్త్రి టార్చి వేసి హబ్బులోకి చూశాడు. నట్టుకు ముఖాలు లేవు. చుట్టూ చిల్లులున్నాయి, పానా పట్టడానికి మూల అన్నది ఎక్కడా లేదు. గోడ మీది 54 కళ్లెదుటే నిరాయుధమైంది.

మేస్త్రి టార్చి ఆర్పి, నడుం నిమురుకుని, కుర్రాడి వైపు తిరిగాడు.

"తమ్మీ, ఇంకో పైపు ముక్క సూడు. గీ పాలి మందపుది కావాలె. చిన్న బోల్టులు నాలుగైదు ఏరుకరా, పిన్నులు వెల్డింగ్ చేద్దం."

"అలాగే అన్నయ్యా. చాయ్ చెప్పనా?"

"చెప్పు. మనది లేటయితది."